నానమ్మ వెయ్యని వేలిముద్ర

మా ఫ్రిజ్‌తో నాకు పడదు.

మా అమ్మాయివాళ్ళు కొన్న కొత్త ఫ్రిజ్ తలుపు మీద ఒక తెర ఉంది. కొత్తిమీర వాడిపోయిందని చెప్పదు, పెరుగు పులిసిందని చెప్పదు. తన నియమ నిబంధనలు మారాయని మాత్రం నెలకోసారి తప్పకుండా చెబుతుంది. కింద ఒకటే బొత్తాం: అంగీకరిస్తున్నాను. అంగీకరించను అనే బొత్తాం ఎక్కడుందో కళ్ళద్దాలు తుడుచుకుని మరీ వెతికాను. పెట్టడం మరిచిపోయినట్టున్నారు. ఒప్పుకునేదాకా ఐసు ఇవ్వదు. అమెరికాలో ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఈ మంచు నెలలో ఐసు కావాలంటే వాకిలి తలుపు తీసి చెయ్యి చాపితే చాలు కాబట్టి నేనూ మొండికేశాను. నాలుగు రోజులుగా మా ఇద్దరికీ మాటల్లేవు.

"అమ్మా, ప్లీజ్, నొక్కెయ్. దాన్ని ఎవరూ చదవరు," అంది మా అమ్మాయి, ఆఫీస్ కాల్ మ్యూట్‌లో పెట్టి.

"చదవకుండా ఎలా ఒప్పుకుంటారే?"

"అందరూ అలాగే ఒప్పుకుంటారమ్మా."

ఈ మాట నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను. అప్పుడు నాకు పదేళ్ళు. ఊరు రంగూన్. మాట బర్మీస్‌లో. అన్నవాడి నడుముకి పిస్తోలు.

ఫ్రిజ్ సంగతి అక్కడితో వదిలేసేదాన్నే. ఐదో రోజు సాయంత్రం మా అల్లుడు ఆఫీస్ నుంచి వచ్చి, బూట్ల మంచు దులుపుకోకుండానే వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. బ్యాగ్‌లోంచి ఒక కవరు తీసి ఉప్పు డబ్బాకి ఆనించి నిలబెట్టాడు. పదకొండేళ్ళుగా అతను కార్ల తలుపులకి బందులు డిజైన్ చేస్తున్నాడు. ఇక చెయ్యనక్కర్లేదట.

"తీసేశారా?" అన్నాను.

"తీసెయ్యలేదు అత్తయ్యా. నేనే వెళ్ళిపోతున్నానని సైన్ చెయ్యమంటున్నారు. వాలంటరీగా."

"నువ్వు వెళ్ళిపోతున్నావా?"

"లేదు."

"మరి?"

"సైన్ చేస్తే ఇన్సూరెన్స్ ఆరు నెలలు ఉంచుతారు. తనకి వచ్చే నెల మోకాలి సర్జరీ ఉంది కదా. ఫ్రైడే లోపల ఇచ్చెయ్యాలి."

మా అమ్మాయి మోకాలి మీద చెయ్యి వేసుకుని కిటికీలోంచి బయటికి చూసింది. పదిహేనేళ్ళ మనవరాలు చెవుల్లో పెట్టుకున్నవి తీసి పక్కన పెట్టింది. ఆ పిల్ల అవి తీయడం ఇంట్లో భూకంపంతో సమానం.

కవరులోని కాయితం నేను చదివాను. మంచి ఇంగ్లీషు. ఎక్కడా కోపం లేదు. మూడో వాక్యంలో ఉంది, 'నా సొంత ఇష్టంతో' అని.

"సంతకం పెట్టకు," అన్నాను.

ముగ్గురూ నావైపు చూశారు. ఫ్రిజ్ కూడా చూసిందనే నా అనుమానం.

*

విశాఖపట్నంలో ముప్పై ఏళ్ళు కాలేజీ పిల్లలకి రాజనీతిశాస్త్రం చెప్పి బతికాను. సిలబస్‌లో వలస పాలన నుంచి బయటపడ్డ దేశాల మీద ఒక పాఠం ఉండేది. అందులో బర్మాకి ఒకటిన్నర పేజీ. స్వాతంత్ర్యం వచ్చింది, నాయకులు చీలిపోయారు, కొండ జాతులు ఆయుధాలు పట్టాయి, అప్పుడు రాజకీయాల్లోకి సైన్యం ప్రవేశించింది అని ఉండేది. ప్రవేశించింది అన్న దానికి రెండు మార్కులు. రాసిన పిల్లలందరికీ ఇచ్చేశాను. మా దుకాణంలోకి ప్రవేశించినప్పుడు సైన్యం మెంతుల బస్తా మీద కూర్చుందని మాత్రం ఎవరూ రాయలేదు. ఆ ముక్క సిలబస్‌లో లేదు.

దుకాణం మా నానమ్మది. రంగూన్‌లో మన తెలుగువాళ్ళ వీధిలో, చెక్క మేడ కింద, రెండు తలుపుల వెడల్పు. పైన మేముండేవాళ్ళం. రేవులో మూటలు మోసేవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, రిక్షాలు తొక్కేవాళ్ళు అక్కడే చింతపండు, ఎండుమిరపకాయలు, ఇంగువ కొనుక్కునేవాళ్ళు. గోడ పొడుగునా గాజు సీసాలు. దేనిమీదా పేరు రాసి ఉండేది కాదు. నానమ్మకి చదువు రాదు, అవసరమూ పడలేదు. సీసా మూత కొద్దిగా ఎత్తి ముక్కుతో చదివేది.

పొద్దున్న లేవగానే మెట్ల మీద నుంచే ఆ రోజు ఎలా ఉందో తెలిసిపోయేది. ముందు నది బురద వాసన, దాని వెనక వీధి చివర మొహింగా కాగుతున్న వాసన. చేపల పులుసులో సన్నటి బియ్యపు సేమ్యా వేసి, పైన వేయించిన వెల్లుల్లి చల్లి ఇస్తారు దాన్ని. అమ్మ మడి కట్టుకున్న రోజుల్లో తప్ప మిగతా అన్ని రోజులూ మేము తిన్నాం. బర్మా ఆడవాళ్ళు చెంపలకి పూసుకునే తనాఖా గంధం వాసన, దుకాణం మూల కుండలో ఉండే చేపల ముద్ద వాసన కలిసి, వాటి మీద నానమ్మ ఇంగువ కూర్చునేది. ఈ దేశంలో కొవ్వొత్తులకి రకరకాల వాసనలు పూసి అమ్ముతారు. ఇది మాత్రం దొరకలేదు. అడిగాను.

దుకాణం ముందు ఒక బల్ల ఉండేది. సాయంత్రమైతే వీధి పెద్దలు దాని మీద చేరి దేశాన్ని నడిపేవాళ్ళు. నేను మెట్టు మీద కూర్చుని, నానమ్మ చూడకుండా ఊరేసిన తేయాకు నములుతూ వినేదాన్ని. సైన్యం మొదటిసారి వచ్చినప్పుడు ఆ బల్లంతా చప్పట్లే. అప్పుడు వాళ్ళని ప్రధానమంత్రే పిలిచాడు. పార్టీలు కొట్టుకుంటున్నాయి, ఆరు నెలలు మీరు చూసుకోండి అన్నాడట. వాళ్ళు కాలవలు తవ్వించారు, చెత్త ఎత్తించారు, వీధి కుక్కల్ని కాల్చారు, కాకుల్ని కూడా కాల్చారు. ఆరు నెలలు ఏడాది దాటింది. అయినా మాట ప్రకారం ఎన్నికలు పెట్టి వెళ్ళిపోయారు.

"చూశారా, క్రమశిక్షణ అంటే అదీ! దొరలు పోయాక మళ్ళీ ఇప్పుడు చూశాను శుభ్రంగా ఉన్న వీధి," అన్నాడు బల్ల మీద పెద్దాయన ఒకరు. ఆయన రేవులో మూటలు లెక్క రాసే గుమాస్తాగా చేసి మానేసినవాడు. అందుకని వీధికి ఆయనే ఆర్థిక నిపుణుడు.

"కాకేటి సేసింది బాబూ?" అంది నానమ్మ, చింతపండు గింజలు తీస్తూ.

"కాకి గోల చేస్తుందమ్మా."

"నువ్వూ సేత్తావు కదా."

రెండోసారి వాళ్ళని ఎవరూ పిలవలేదు. ఒక పొద్దున్న రేడియోలో కవాతు బాజా, తర్వాత ఒక గొంతు. పార్లమెంటుకి తాళం. ప్రధానమంత్రి జైల్లో. బల్ల మీద పెద్దలకి ఇదంతా మొదట్లో తప్పుగా తోచలేదు. ఇల్లు చక్కబెట్టిన మనిషి మళ్ళీ వచ్చాడు, మంచిదే అనుకున్నారు. ఈసారి వచ్చినవాడు పెట్టె, పరుపుచుట్టతో సహా వచ్చాడని గమనించడానికి కొంత కాలం పట్టింది. ముందు బ్యాంకులు, తర్వాత మిల్లులు తీసుకున్నారు. మిల్లు పోగానే అందులో గుమాస్తాగా ఉన్న నాన్న ఉద్యోగం పోయింది. ఆ తర్వాత వీధుల్లోకి దిగారు.

ఒక రోజు పొద్దున్న వీధిలో ప్రతి దుకాణం ముందూ ఇద్దరేసి సిపాయిలు నిలబడ్డారు. పదిగంటలకల్లా ప్రతి గుమ్మానికీ ఒక ఆకుపచ్చ బోర్డు. మాది ప్రజల దుకాణం, నంబరు పదిహేడు. బోర్డుకి మేకు కొట్టినప్పుడు పై అరలో సీసాలు ఒక్కసారి గలగలమన్నాయి. ఆ శబ్దం ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తుంది, ముఖ్యంగా ఎవరైనా 'ప్రజల కోసం' అన్నప్పుడు.

*

మా నంబరు పదిహేడుకి ఒక కెప్టెన్ని వేశారు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. అంతకుముందు ఈశాన్యం కొండల్లో తిరుగుబాటుదార్లతో యుద్ధం చేశాడు, భుజానికి గాయం మచ్చ ఉంది. అడవిలో రాత్రి చప్పుడుని బట్టి మనిషిని గుర్తుపడతాడని సిపాయిలు గొప్పగా చెప్పేవాళ్ళు. జీలకర్రని గుర్తుపట్టడం ఆయనకి ఎవరూ నేర్పలేదు.

మొదటి రోజు ఆయన సీసాలన్నీ దింపించి, ఎత్తు ప్రకారం వరస పెట్టించాడు. పొడుగువి వెనక, పొట్టివి ముందు. ఒక్కోదానికి ఒక నంబరు చీటీ అంటించాడు. ఇంగువ డబ్బా మూత తీసి వెంటనే మూసేసి, పాడైపోయిన సరుకు అని రాసి బయట పారేయించాడు. నానమ్మ గుండె మీద చెయ్యి వేసుకోవడం నేను అప్పుడొక్కసారే చూశాను.

మర్నాటి నుంచి వీధికి వరస వచ్చింది. కార్డు చూపించాలి, ఒకరి వెనక ఒకరు నిలబడాలి, ఒక మనిషి ఒక రోజుకి ఒక వస్తువే అడగాలి. ఆ వరసలో మొదటి మనిషి రోజూ మా నానమ్మ. తెల్లారగానే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, తను ఇరవై ఏళ్ళు లోపల నిలబడ్డ గల్లా ముందు బయటివైపు నిలబడేది. ఆవిడకి కొనడానికేమీ ఉండేది కాదు.

"ఏం కావాలి?" అనేవాడు కెప్టెన్.

"సింతపండు సెమ్మగిల్లింది. ఎండలో ఎయ్యి నాయినా."

"ఏదైనా కొంటావా?"

"ఒకటే అడగాలన్నావు. నా మాట అయిపోనాది." అని వెనక్కి తిరిగి వచ్చేసేది.

ఆవిడ బర్మీస్ కూడా శ్రీకాకుళం యాసలోనే మాట్లాడేది, అందుకని ఇలాగే రాస్తున్నాను. రోజుకో మాట. మిరపకాయలు నేల మీద పెట్టకు. ఆవాలకి పురుగొస్తోంది. మీ సిపాయికి చెయ్యి కడుక్కోమని చెప్పు. కెప్టెన్ ముందు విసుక్కున్నాడు, తర్వాత వినడం మొదలుపెట్టాడు, ఆ తర్వాత రాసుకోవడం మొదలుపెట్టాడు. రెండో నెలకి ఆయన ఆవిణ్ణి 'అమే' అని పిలిచేవాడు. బర్మీస్‌లో అమ్మా అని. ఆవిడ కరిగిందేమీ లేదు. "అమ్మ అన్నోడు అమ్మ దుకానం తీసుకుంటాడేటి?" అని ఆయన మొహం మీదే అంది. ఆయన అది కూడా రాసుకున్నాడో లేదో తెలియదు.

సాయుధ పోరాటంలో నేను పాల్గొన్నది కూడా అప్పుడే. ఒక మధ్యాహ్నం కెప్టెన్ భోజనానికి వెళ్ళాడు, సిపాయి బల్ల మీద కునుకు తీస్తున్నాడు. నేను లోపలికి దూరి ఆరో నంబరు చీటీ తొమ్మిదికి, తొమ్మిది చీటీ ఆరుకి అంటించి వచ్చాను. ఆరు జీలకర్ర. తొమ్మిది వాము. విప్లవం వారం రోజులు నడిచింది. రేవు కార్మికులంతా జీలకర్ర అనుకుని వాముతో చారు కాచుకున్నారు. చారు నాశనమైంది గానీ ఆ వారం వీధి వీధంతటికీ జీర్ణశక్తి అమోఘంగా ఉంది.

నానమ్మకి తెలిసింది. నేను మెచ్చుకోళ్ళు ఆశించాను. చెవి పట్టుకుని మెట్ల మీద నుంచి కిందికి దింపింది.

"ఎవుల మీద నీ పెతాపం? తిన్నది ఆడా, మనోల్లా?"

"వాడి దుకాణం పాడవ్వాలని..."

"ఆడి దుకానమా? ఎవుల్దే గుంటా దుకానం? ఇంకోపాలి సెప్పు!"

"నీది."

"మరి నా దుకానం నువ్వేల పాడు సేత్తావు?"

మర్నాడు వరసలో నిలబడి ఆవిడ తన ఒక్క మాటా దానికే ఖర్చుపెట్టింది: ఆరూ తొమ్మిదీ మార్చుకో నాయినా. ఎవరు మార్చారని కెప్టెన్ అడిగాడు. రోజుకి ఒక మాటే కదా అని వచ్చేసింది.

*

నాన్నకి పని లేదు. మా బడి మూశారు. అమ్మకి ఆరో నెల. ఇండియా నుంచి ఓడలు వస్తున్నాయని, వెళ్ళేవాళ్ళని విశాఖపట్నంలో దింపుతాయని బల్ల మీద వార్త. ఆ బల్ల కూడా రోజురోజుకీ ఖాళీ అవుతోంది. ఆర్థిక నిపుణుడు మొదటి ఓడకే వెళ్ళిపోయాడు.

వెళ్ళాలంటే అనుమతి కావాలి. అనుమతి కావాలంటే దుకాణం ఉన్నవాళ్ళు ఒక కాయితం మీద సంతకం పెట్టాలి, చదువు రానివాళ్ళు వేలిముద్ర వెయ్యాలి. ఆ ఒక్క కాయితం లేక మా ఇంట్లో ఐదుగురి ప్రయాణం ఆగింది. నానమ్మ, నాన్న, అమ్మ, నేను, అమ్మ కడుపులో ఉన్న మా తమ్ముడు. తర్వాతి ఓడ పన్నెండు రోజుల్లో. ఆ తర్వాత ఓడ ఉందో లేదో ఎవరికీ తెలియదు.

కెప్టెన్ కాయితాన్ని స్వయంగా మేడ మీదకి తెచ్చాడు. అమ్మ టీ ఇచ్చింది. బూట్లు బయట విప్పి, చాప మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. దుకాణాన్ని స్వాధీనం చేసుకున్నవాడికి ఉండవలసిన దానికన్నా ఎక్కువ మర్యాదే ఉంది అతనికి.

"ఏటి రాసుందందులో?" అంది నానమ్మ.

నాన్న చదివాడు. ఈ దుకాణాన్ని నా సొంత ఇష్టంతో ప్రజలకి అప్పగిస్తున్నాను అని.

"ఏ పెజలకి?"

"ప్రజలందరికీ, అమే," అన్నాడు కెప్టెన్.

"మరి నాను పెజల్లో లేనా?"

కెప్టెన్ టీ కప్పు కింద పెట్టాడు. "ఉన్నావు... ఉండాలి."

"ఐతే నా దుకానం నాకే ఇచ్చుకుంతన్నానా? దానికి కాయితమెందుకు?"

"అది పైవాళ్ళని అడగాలి."

"అడిగిరా నాయినా. నానెక్కడికీ ఎల్లను, ఇక్కడే ఉంతాను."

"అమే, అందరూ వేశారు. ఎవరూ చదవరు దీన్ని. ఫైల్లో పెట్టేస్తారంతే." అప్పుడే విన్నాను నేను ఆ మాట.

ఆయన వెళ్ళాక ఇంట్లో యుద్ధమైంది. నాన్న గొంతు పెంచడం నేను ఎరగను. ఆ రోజు పెంచాడు.

"అమ్మా, దుకాణం ఎలాగూ పోయింది! ఒక వేలిముద్రతో ఇంకా ఏం పోతుంది?"

"ఆడు లాక్కున్నాడు. లాక్కున్నాడని రాస్తే ఏత్తాను. రెండు బొటనేళ్ళూ ఏత్తాను."

"అలా రాయరమ్మా!"

"ఐతే నానూ ఎయ్యను."

అమ్మ తలుపు దగ్గర కూర్చుని పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. "అత్తా, పురుడుకి ఇండియాలో మా అమ్మ దగ్గరుండాలని ఉంది," అని మాత్రం అంది. నానమ్మ నన్ను పిలిచి తల దువ్వడం మొదలుపెట్టింది. ఆవిడకి చేతిలో దువ్వెన ఉంటేనే మాటలు వచ్చేవి.

"నాకు పదారేళ్ళప్పుడు మా ఊరొచ్చినాడు కూలోల్లని తోలుకుపోయే మేస్త్రీ. పెద్ద ఊరు సూపిస్తాను, మూడు పూట్లా అన్నమన్నాడు. రేవులో నిలబెట్టి కాయితమిచ్చినాడు. ఏలు ఏసినాను. ఓడ దిగినాక సెప్పినారు, నా ఇష్టంతోనే వొచ్చినానని అందులో రాసుందట. ఆ ఏలు ఇడిపించుకోడానికి పన్నెండేళ్ళు బియ్యం మూటలు మోసినానే. అప్పుడు ఒట్టు పెట్టుకున్నాను. ఇష్టం అని రాసున్న కాయితం మీద మల్లీ ఏలెయ్యను."

నా జడ ఆ రోజు రాయిలా బిగిసింది.

రోజులు గడిచాయి. ఓడకి రెండు రోజుల ముందు మధ్యాహ్నం నానమ్మ భోంచేసి పడుకుంది. నాన్న నా చెయ్యి పట్టుకుని కిందికి దింపాడు. దుకాణంలో కెప్టెన్ ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద ఆ కాయితం, పక్కన ఊదా రంగు సిరా మెత్త.

"ఇక్కడ వేలిముద్ర ఉండాలి," అన్నాడు కెప్టెన్, నాన్న వైపు చూడకుండా. "అది ఎంత వయసు వేలో రాయడానికి గడి లేదు."

నాన్న నా బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దాడు. కాయితం మీద పెట్టి, పెద్దగా కనిపించాలని అటు ఇటు దొర్లించాడు. సిరా చల్లగా ఉంది, పుల్లటి వాసన వేసింది. కెప్టెన్ గోడవైపు తిరిగి సీసాలు లెక్కపెడుతున్నాడు. ఎప్పుడూ పైకే లెక్కపెట్టే మనిషి, ఈసారి పెదవులు కదపలేదు. పదేళ్ళ పిల్ల వేలు అరవై ఏళ్ళ ముసలమ్మ వేలికన్నా చిన్నదని దేశాన్ని ఏలే సైన్యానికి తెలియదని నేను అనుకోను. ఎవరూ చదవరు అన్నాడు కదా. ఆ మాట నిలబెట్టుకున్నాడు.

"నానమ్మకి చెప్పకు," అన్నాడు నాన్న మెట్ల మీద.

*

అనుమతి వచ్చిందని, కెప్టెన్ దయతలచి వేలిముద్ర లేకుండానే పంపేశాడని నాన్న చెప్పాడు. నానమ్మ నమ్మింది. నమ్మడమేమిటి, వీధిలో మిగిలిన ఐదారు గడపలూ ఎక్కి చెప్పి వచ్చింది. "నాను ఎయ్యనన్నాను. ఎయ్యలేదు. ఆడే దిగొచ్చినాడు." రేవులో సోదా చేసేవాడు ఆవిడ ముక్కుపుడక తియ్యమన్నాడు. తీసి వాడి చేతిలో పెట్టి, "రాసుకో. ఇష్టంతో ఇవ్వనేదని రాసుకో," అంది. వాడు రాసుకోలేదు. ఆవిడ రాసుకునేదాకా కదలనని నిలబడింది. వెనక మూడువందల మంది ఉన్నారు వరసలో. చివరికి వాడు ఏదో గీకాడు. ఏం గీకాడో నాన్న చూశాడు గానీ చెప్పలేదు.

ఊదా రంగు సిరా వదలదు. నాలుగు రోజులు ఆ వేలు పిడికిట్లో దాచుకుని తిరిగాను. ఓడ మీద మూడో రోజు మధ్యాహ్నం పప్పూ అన్నం పెట్టారు. అన్నం కలపడానికి పిడికిలి విప్పక తప్పదు. నానమ్మ నా పక్కనే కూర్చుంది. నా చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. ఆ రంగు ఆవిడకి కొత్త కాదు. చదువు రానివాళ్ళకి సిరా ఎంత బాగా తెలుసో చదువుకున్నవాళ్ళకి తెలియదు.

"ఎవులు ఏయించినారు?"

నేను నాన్న వైపు చూశాను. నాన్న సముద్రం వైపు చూశాడు.

ఆవిడ అరవలేదు. మూట విప్పి చింతపండు ముద్ద తీసి, నీళ్ళలో నాన్చి, నా బొటనవేలు తోమడం మొదలుపెట్టింది. చర్మం ఊడిపోతుందేమో అనిపించింది. చాలాసేపు తోమాక, నాన్నకి వినపడేలా, నాతో అంది.

"దుకానం నాది. ఏలు నీది. ఆ కాయితం సెల్లదు."

అంతే. తీర్పు అయిపోయింది. మా ఇంట్లో మళ్ళీ దాని మాట ఎత్తినవాళ్ళు లేరు. విశాఖపట్నంలో దిగిన దగ్గర్నుంచి పోయేదాకా ఆవిడ ఆ కథ అలాగే చెప్పింది: వెయ్యనన్నాను, వెయ్యలేదు. శరణార్థుల క్యాంపులో రేషన్ కార్డు కోసం గుమాస్తా వేలిముద్ర అడిగితే, ఏం రాసుందో చదవమంది. వాడికి ఓపిక లేదు. ఐదు నెలలు మాకు కార్డు లేదు. ఆ ఐదు నెలలు ఆవిడ క్యాంపు ముందు పొయ్యి పెట్టి, బర్మా పద్ధతిలో సేమ్యా ఉడికించి, పైన వేయించిన వెల్లుల్లి చల్లి అమ్మి మమ్మల్ని సాకింది. తమ్ముడు అక్కడే పుట్టాడు, అమ్మమ్మ చేతుల్లో. వాడి జీవితంలో మొదటి వాసన వెల్లుల్లి.

*

నేను ఈ కథ మా ఇంట్లో చాలాసార్లు చెప్పాను. ఎప్పుడూ సగమే చెప్పాను. నానమ్మ వెయ్యనంది, వెయ్యలేదు, సైన్యం దిగొచ్చింది అని. క్లాసులో కూడా చెప్పాను, సిలబస్ పక్కన పెట్టి. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. మిగతా సగం సిరాతో పాటు కడిగేశాననుకున్నాను.

ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూడా అంతవరకే చెప్పి ఆపేదాన్ని. మనవరాలు ఊరుకోలేదు. "వెయిట్ అమ్మమ్మా. సైన్ చెయ్యలేదు కదా, మరి పర్మిషన్ ఎలా వచ్చింది?" అంది. ఇన్నేళ్ళలో చప్పట్లు కొట్టినవాళ్ళెవరూ అడగని ప్రశ్న. అందుకని మొత్తం చెప్పాను. వేలు, సిరా, చింతపండు, తీర్పు, అన్నీ.

అల్లుడి చేతిలో పెన్ను ఉంది. మూత తీసి ఉంది. అమ్మాయి మోకాలు కుర్చీ మీదకి చాపుకుని మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూస్తోంది.

"చూశావా నాయనా, కాయితం మీద ఏమున్నా ఆవిడ ఒప్పుకోలేదు," అన్నాను. "వాళ్ళు తీసేస్తున్నారు, తీసేశామనే రాయమను. ఇష్టం అన్న మాట కొట్టేసి ఇమ్మను. ఇవ్వకపోతే పెట్టకు. మూటలు మోసిన మనిషి పెట్టలేదు, తలుపులు డిజైన్ చేసినవాడివి నీకేం? మా వంశంలో ఆ కాయితం మీద ఎవరూ..."

అక్కడ ఆగాను. ఎందుకు ఆగానో మనవరాలికి అర్థమైంది. ఆ పిల్ల నా కుడిచెయ్యి బల్ల మీద నుంచి తీసుకుని, బొటనవేలు తిప్పి చూసింది, ఇంకా ఏమైనా మిగిలి ఉందేమో అన్నట్టు.

"బట్ అమ్మమ్మా," అంది, "మీ అందర్నీ షిప్ ఎక్కించింది ఆవిడ చెప్పిన నో కాదు. నీ థంబ్."